మన పిల్లల జబ్బుకి ‘వీక్‌నెస్’ అని పేరు పెట్టి పంపించకండి

గత వారం హాస్టల్ మెస్‌ల మీద రాసింది చదివి ఒక అన్న ఫోన్ చేశాడు. ‘చెల్లే, తిండి దొరకని జాతి మనది. తిండి ముందు పెట్టుకుని తినలేని జబ్బులు మనకెక్కడివి? అవి జూబ్లీహిల్స్ జబ్బులు కదా’ అన్నాడు. ఉద్యమంలో నాకంటే ముందు నడిచినవాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అందుకే వివరంగా జవాబు రాస్తున్నాను.

ఎందుకంటే ఆ అన్న ఒక్కడే కాదు, డాక్టరూ అదే అనుకుంటున్నాడు. తల్లిదండ్రులూ అదే అనుకుంటున్నారు. జబ్బుపడ్డ పిల్ల కూడా ‘ఇది నా జబ్బు అయ్యుండదు, నా కొవ్వు’ అనుకుంటోంది. అందరూ కలిసి అలా అనుకుంటే ఏదో ఒకరోజు ఆ పిల్ల గుండె లయ తప్పుతుంది. భయపెట్టడానికి అంటున్న మాట కాదు. ఎలాగో కింద చెప్తాను.

ముందు ‘ఆకలి ఉన్నచోట ఈ జబ్బు ఉండదు’ అనే మాట సంగతి తేలుద్దాం. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. మనస్సాక్షి ఒప్పక యుద్ధానికి వెళ్ళనన్న 36 మంది యువకులు దానికి ముందుకొచ్చారు. ఒంట్లో, మనసులో ఏ లోపమూ లేదని పరీక్షించి మరీ వాళ్ళని ఎంచుకున్నారు. ఆరు నెలలపాటు సగం కడుపుకే తిండి పెట్టారు. ఏమైంది? పొద్దస్తమానం వాళ్ళకి తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. పళ్ళెంలో ఉన్న కాస్తనీ గంటలకొద్దీ కెలుక్కుంటూ తిన్నారు. తర్వాత తిండి పెంచితే కొందరు ఆపుకోలేకుండా తిన్నారు. కడుపు నిండినా తృప్తి లేదు. బాగున్న మనిషిని కొన్నాళ్ళు ఆకలితో ఉంచితే చాలు, తిండితో అతని సంబంధం చెడిపోతుందని ఆ ప్రయోగం చూపించింది.

ఆరు నెలల ఆకలికే వాళ్ళకి అట్లా అయితే, తరాల ఆకలి మోసుకొచ్చిన ఇళ్ళలో తిండితో సంబంధం సాఫీగా ఉంటుందని ఎట్లా అనుకుంటాం? దానికి కులం తగిలించండి. డబ్బా మూత తీస్తే పక్క బెంచీ ముక్కు మూసుకుంటుంది. ‘మీవాళ్ళు బాగా తింటారు కదా’ అనే నవ్వు. నలుపు మీద, లావు మీద, సన్నం మీద వ్యాఖ్యలు. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకి ‘జూఠన్’, అంటే ఎంగిలి మెతుకులు, అని పేరు పెట్టుకున్నాడు. తిండి మనకి ఎప్పుడూ ఒట్టి తిండి కాలేదు. అది పెట్టినవాడి దయ, తిన్నవాడి సిగ్గు.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట. ఆకలికి మన భాషలో ఎన్ని మాటలో చూడండి. పస్తు, కరువు, మలమల మాడటం, డొక్క ఎండటం, గంజికి మొహం వాచడం. తిండి ముందుండి తినలేకపోవడానికి ఏమంటాం? ‘అన్నం మీద అలిగింది’ అంటాం. అంటే పొగరు. ‘తిన్నది ఒంటబట్టట్లేదు’ అంటాం. అంటే దిష్టి, లేదా నులిపురుగులు. జబ్బు అని చెప్పే మాట వాడుకలో లేదు. అందుకే ఆసుపత్రి మెట్లెక్కినా లోపల ఏం చెప్పాలో తెలియదు.

నాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థిని సంగతి చెప్తాను. ఆమె రాయమన్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నా. పగలంతా ఏమీ తినదు. పదిమందిలో డబ్బా తెరవదు. రాత్రి దాచుకుని, ఆపుకోలేక తింటుంది. తిన్నది కక్కేస్తుంది. రెండేళ్ళు ఇదే. పైకి చూస్తే మామూలు ఒడ్డూ పొడుగూ, బక్కచిక్కినట్టు ఏమీ లేదు. కళ్ళు తిరిగి రెండుసార్లు పడిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి బీకాంప్లెక్స్ రాశాడు. టౌన్‌లో ప్రైవేటు డాక్టరు బల్లకి అవతలే కూర్చుని, ఊరి పేరూ వాడ పేరూ అడిగి, ‘పెద్దకూర తింటారా? అందుకే వాంతులు’ అని గ్యాస్ మాత్రలు రాశాడు. చెయ్యి పట్టి నాడి చూడలేదు. నోరు తెరవమనలేదు.

చివరికి ఒక సర్కారు దవాఖానలో చిన్న వయసు హౌస్ సర్జన్ అమ్మాయి పక్కన స్టూల్ మీద కూర్చుని, తల్లిని కాసేపు బయటికి పంపి, మెల్లగా అడిగింది: ‘తిన్నాక కావాలని కక్కుకుంటున్నావా తల్లీ? తిట్టడానికి కాదు, నీ గుండె కోసం అడుగుతున్నా.’ ఆ పిల్ల ఏడ్చింది. ఆ రోజే రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందని తేలింది. ఈసీజీలో తేడా ఉంది. అడ్మిట్ చేశారు. బతికింది, చదువుకుంటోంది.

ఈ ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా డిగ్రీలో లేదు. ఒకరు ముట్టుకున్నారు, అడిగారు. ఒకరు ముట్టుకోలేదు. బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక ఘటన రాశారు. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు భార్య, బాలింత, జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. బతిమాలితే వాడ బయటే నిలబడి, థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిస్తే, భర్త భార్యకి పెట్టాడు. తిరిగి అదే దారిలో వెనక్కి. దీపం వెలుగులో థర్మామీటరు చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె చనిపోయింది. ఆ పంతులు రాసిన ఉత్తరం 1929 డిసెంబరు 12న యంగ్ ఇండియాలో అచ్చయింది. ఈరోజు ఆ థర్మామీటరు స్థానంలో బల్ల ఉంది. ఈ జబ్బుని ముట్టుకోకుండా, అడగకుండా పట్టుకోవడం కుదరదు. అందుకే ఇది మనవాళ్ళలో కనపడకుండా పోతోంది.

దానికి ‘రక్తం తక్కువ’ అనే తేలిక జవాబు ఒకటి తోడైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. కాబట్టి కళ్ళు తిరిగిన ప్రతి ఆడపిల్లకీ ఐరన్ మాత్రలు ఇస్తే సగంపైన కేసుల్లో తప్పు పట్టేవాళ్ళుండరు. కానీ రక్తహీనత ఉన్న పిల్లకి ఇంకో జబ్బు ఉండకూడదని ఎక్కడుంది?

ఇప్పుడు ఒంటి గురుతులు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. మాటిమాటికీ వాంతి చేసుకునేవాళ్ళకి చెవి కింద దవడ పక్కన గ్రంథులు ఉబ్బుతాయి. గవదబిళ్ళలు అనుకుంటారు. కడుపులోని ఆమ్లం తగిలి పళ్ళ లోపలి వైపు ఎనామిల్ అరిగి జివ్వుమంటాయి. చాలాసార్లు దీన్ని ముందు పట్టుకునేది పళ్ళ డాక్టరే. వేలి కణుపుల మీద కాయలు కాస్తాయి. 1979లో బులీమియా జబ్బుని వర్ణించిన జెరాల్డ్ రస్సెల్ పేరుతోనే ఆ గుర్తుని పిలుస్తారు. పొటాషియం పడిపోతే పిక్కలు పట్టేస్తాయి, గుండె దడ, ఒళ్ళు తేలిపోవడం. తిండి మానేసేవాళ్ళకి నాడి నెమ్మదిస్తుంది, ఎప్పుడూ చలి, జుట్టు రాలుతుంది, నెలసరి ఆగిపోతుంది. మగపిల్లలకీ ఇది వస్తుంది. మనిషి బక్కగా ఉండాలనేం లేదు.

డాక్టరు దగ్గర ‘నీరసం’ అని ఆపకండి. ‘తినడంలో ఇబ్బంది ఉంది, ఇన్నాళ్ళుగా వాంతి చేసుకుంటున్నాను’ లేదా ‘ఇన్నాళ్ళుగా సరిగా తినట్లేదు’ అని ఓపీలోనే చెప్పండి. నోరు రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. ఒక్క సీబీపీతో సరిపెడితే సీరం ఎలక్ట్రోలైట్స్, ఈసీజీ, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూడమని అడగండి. రిపోర్టులు నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, అది కూడా చెప్పండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, వాంతిలో రక్తం ఉంటే ఎమర్జెన్సీకే వెళ్ళాలి. వాంతయిన వెంటనే పళ్ళు తోమకండి, నీళ్ళతో పుక్కిలించండి.

ఇంకొకటి. చాలారోజులు తినని పిల్లకి ‘పాపం’ అని ఒక్కసారిగా కడుపు నిండా పెట్టడం, గ్లూకోజ్ ఎక్కించడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి గుండెకి ముప్పు రావచ్చు. తిండి మళ్ళీ మొదలుపెట్టడం కూడా డాక్టరు కనుసన్నల్లో, కొంచెం కొంచెంగా జరగాలి. ఒంటికి వైద్యం అయ్యాక మనసుకీ కావాలి. సైకియాట్రీ ఓపీ అంటే పిచ్చి ముద్ర కాదు. తెలుగులోనే మాట్లాడాలంటే 14416కి, టెలి మానస్‌కి, ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు.

ఇది దయ కాదు, హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే చోట మానసిక వైద్యం అందరి హక్కు అంటుంది. వివక్ష చూపకూడని కారణాల్లో కులం అనే మాట స్పష్టంగా రాసి ఉంది. 21వ సెక్షన్ మానసిక రోగిని శారీరక రోగితో సమానంగా చూడాలంటుంది.

కాబట్టి అన్నా, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆకలి మీద మనం ఇన్నేళ్ళు కొట్లాడాం. హాస్టల్లో కూరలో పురుగు పడితే ధర్నా చేశాం. చేయాల్సిందే. దానికి ఇంకో డిమాండ్ కలపాలి. గురుకులాల్లో, వెల్ఫేర్ హాస్టళ్ళలో ఆరోగ్య పరీక్ష అంటే ఎత్తూ బరువూ రాసి సంతకం పెట్టడం కాకూడదు. పిల్లల్ని ఒంటరిగా, గౌరవంగా అడిగే నర్సు కావాలి. పళ్ళు చూసే డాక్టరు కావాలి. మన మీటింగుల్లో ఈ మాట నవ్వులాట కాకూడదు.

అమ్మలకి ఒక్క మాట. పిల్ల అన్నం దగ్గర నుంచి లేచిపోతుంటే అలక అనుకోకండి. తిట్టకండి, కాపలా కాయకండి. పక్కన కూర్చుని తినండి. దవాఖానకి తోడు వెళ్ళండి, డాక్టరు ఒంటరిగా మాట్లాడతానంటే బయట కూర్చోండి. బల్లకి అవతల ఉన్నవాడు చెయ్యి చాపి నాడి చూసేదాకా మాత్రం ఆ గదిలోంచి కదలకండి.

జై భీమ్.