గెలిచినా సగమే

కూరగాయల రసం ఇంట్లోదా, డబ్బాలోదా అంటే పైచేయి ఇంటిదే; కానీ ఆ గెలుపు ప్రధానంగా ఉప్పు దగ్గరే. అమెరికాలో పేరున్న వీ8 అనే డబ్బా రసం మామూలు రకం ఒక్క గ్లాసులో 640 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దే 2,000. ఉడికించిన డబ్బా రసంలో టమాటాలోని లైకోపీన్ అనే పోషకం ఒంటికి బాగా పడుతుందన్నది నిజమే, అయితే నూనె తాలింపు పడ్డ టమాటా పప్పూ ఆ మేలు చేస్తుంది. ఇక ఇంట్లో మనం చేసే నిర్వాకం చూడండి: క్యారెట్, బీట్‌రూట్ మిక్సీలో తిప్పి, వడకట్టి, పీచంతా చెత్తబుట్టలో వేస్తాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంది. ఈ వడకట్టిన గ్లాసు ఆ లెక్కను పూరించదు. నమల్లేని పెద్దవాళ్లకు రసం ఆసరాయే, వాళ్లకైనా పిప్పితోనే ఇవ్వడం మేలు. మిగతావాళ్లు రసం మాని కూర తింటే చాలు.