ఆటకు మంగళం పాడేదెవరు?

చిట్టి తమ్ముళ్లూ, చెల్లాయిలూ!

ఈ నెల వచ్చిన మీ ఉత్తరాల కట్టలో తాడేపల్లిగూడెం నుంచి ఒక చెల్లాయి వ్రాసిన ఉత్తరం ఉన్నది. ఆ అమ్మాయి ఫిడేలు నేర్చుకుంటున్నది. వర్ణాలు పూర్తయి, కీర్తనలు మొదలుపెట్టిందట. అయితే ఆమెకు వీడియో గేములన్నా, వాటిలో వచ్చే పాటలన్నా కూడా చాలా ఇష్టం. ఒకనాడు సాధన మధ్యలో ఒక గేము పాటను ఫిడేలు మీద పలికించింది. పక్కగదిలో ఉన్న తాతయ్యగారు అది విని, "ఆ రొదా, త్యాగరాజ కీర్తనా ఒక ఒరలో ఇమడవమ్మా! రెండింటిలో ఒకటి మానెయ్యి" అన్నారట.

"అన్నయ్యా! ఆ పాటలు నచ్చటం తప్పా? నా చెవి మంచిది కాదా? దేనిని మానను?" అని చెల్లాయి అడిగింది. ఈ ప్రశ్న తనకు చాలా పెద్దదని ఉత్తరం చూస్తేనే తెలుస్తున్నది. అందుచేత గభాలున జవాబు చెప్పను. ముందు ఒక కథ చెబుతాను. ఇది కల్పన కాదు, నిజంగా జరిగినదే.

తాడేపల్లిగూడేనికి దక్షిణంగా పోతే పాలకొల్లు అనే ఊరు వస్తుంది. అక్కడ 1969వ సంవత్సరం ఫిబ్రవరి 28న ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టూ, మాండొలినూ వాయించేవారు. పిల్లవాడు ఆరేళ్ల వయసులో తండ్రి మాండొలిన్ తీసుకుని వాయించటం మొదలుపెట్టాడు. వాని ముచ్చట చూచి తండ్రి కొత్త మాండొలిన్ కొనిపెట్టి, తానే నేర్పసాగారు. 1976లో వాసూరావు అనే గిటారు విద్వాంసుడు వానికి పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తరువాత రుద్రరాజు సుబ్బరాజుగారు వాని ప్రతిభ గుర్తించి, కర్ణాటక సంగీతం నేర్పటానికి పూనుకున్నారు.

ఇక్కడే ఒక తమాషా ఉన్నది. గురువుగారికి మాండొలిన్ వాయించటం రాదు! మరి ఎలా నేర్పారు? ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగల మీద వెతికి పట్టుకునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు. వాని చెవే వానికి రెండవ గురువు అయింది.

మాండొలిన్ పడమటి దేశాల వాద్యం. అక్కడ దాని తీగలను ఫిడేలు తీగల లాగే శ్రుతి చేస్తారు. కాని ఫిడేలుకు మెట్లు లేవు, మాండొలిన్‌కు ఉన్నాయి. పైగా తీగలు జంటలు జంటలుగా మొత్తం ఎనిమిది. మీటితే టింగుమని మోగి, చప్పున ఆగిపోతుంది. మన సంగీతానికేమో గమకం ప్రాణం. స్వరం ఊగాలి, ఒకదానిలోనుంచి ఒకదానిలోకి జారాలి. జారేలోపలే నాదం చచ్చిపోతే గమకం ఎక్కడ పలుకుతుంది?

అందుకు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ పట్టాడు. జంట తీగలు తీసివేసి ఒంటి తీగలు పెట్టాడు. నాలుగు తీగలు చాలక తరువాత అయిదవ తీగ కూడా చేర్చాడు. విద్యుత్ మాండొలిన్‌లో తీగల క్రింద అయస్కాంతమూ, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్టా ఉంటాయి. పైన ఉక్కుతీగ కంపిస్తే, ఆ కంపనానికి తగినట్టే రాగితీగలో విద్యుత్తు పుడుతుంది. ఆ చిన్న విద్యుత్తును యంత్రం పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. తీగలో మిగిలిన సన్నని నాదం కూడా వినబడుతుంది గనుక గమకానికి వ్యవధి దొరుకుతుంది.

పాలకొల్లు నుంచి భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా కొల్లేటి అంచునే వెళితే గుడివాడ చేరతాం. ఆ గుడివాడలో 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో శ్రీనివాస్ మొదటి కచేరీ చేశాడు. అప్పటికి వాడు ఎనిమిది తొమ్మిదేళ్ల వాడు! 1981లో మద్రాసులో, 1983లో జర్మనీలోని బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ వంటి వారితో కలిసి దేశదేశాలు తిరిగారు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ల వయసులో, చెన్నైలో కన్నుమూశారు. ఆయనను లోకమంతా "మాండొలిన్ శ్రీనివాస్" అనే పిలిచింది. ఆయన ఇష్టపడిన వాద్యమే ఆయన ఇంటిపేరయింది!

చెల్లాయీ, నీ ఫిడేలు సంగతి మాత్రం ఏమిటి? అదీ పరదేశంనుంచి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు సుమారు 200 ఏళ్ల క్రితం దానిని మన సంగీతంలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితులవారంతటి వారు కూడా పాశ్చాత్య బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం వ్రాశారు. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో ఏలూరు దగ్గర మన కొల్లేటికి వచ్చి వాలతాయి. "మీది ఏ ఊరు?" అని కొల్లేరు వాటిని అడుగుతుందా? మంచి చెవి కూడా అటువంటిదే.

ఇక గేము పాటల సంగతి చూద్దాం. శ్రీనివాస్ గుడివాడలో కచేరీ చేసిన ఆ 1978లోనే జపానులో "స్పేస్ ఇన్వేడర్స్" అనే ఆట వచ్చింది. నిషికాడో తొమొహిరో అనే ఆయన తయారుచేశాడు. పైనుంచి శత్రువుల దండు దిగివస్తుంటే తుపాకితో కొట్టాలి. దానిలోని సంగీతం ఎంతనుకున్నారు? నాలుగే మంద్రస్వరాలు! ధం, ధం, ధం, ధం అని క్రిందికి దిగుతూ మళ్లీ మళ్లీ వస్తాయి. శత్రువులు తగ్గినకొద్దీ యంత్రానికి బొమ్మలు వేసే పని తగ్గి, మిగిలినవాళ్లు వేగంగా కదిలేవారు. వాళ్లతోపాటు ఆ నాలుగు స్వరాల కాలమూ పెరిగేది. ఆడేవాని గుండె కూడా దడదడలాడేది. అంటే రాగం లేకపోయినా లయ ఒక్కటే మనిషిని ఎంత కదిలించగలదో ఆ ఆట చూపించింది.

1985లో "సూపర్ మేరియో బ్రదర్స్" వచ్చింది. దానికి సంగీతం కూర్చిన కొండో కోజి చిన్ననాటినుంచి విద్యుత్ ఆర్గన్ వాయించినవాడు. ఆనాటి యంత్రంలో స్వరం పలికే గొంతులు మూడే. రెండు గొంతులు విద్యుత్తును గభాలున పైకీ క్రిందికీ దూకించి, గరుకైన చదరపు అలలు పుట్టించేవి. మూడవది మెత్తని త్రిభుజపు అల పుట్టించేది. సెకనుకు 440 మార్లు కంపిస్తే ఏ గొంతులోనైనా స్వరం ఒకటే. కాని అల ఆకారం మారితే నాదం రంగు మారుతుంది. నీ ఫిడేలూ, వాళ్ల వేణువూ ఒకే షడ్జం పలికినా వేరు వేరుగా వినబడటానికి కారణం ఇదే. ఇవి గాక తాళానికి బుస్సుమనే చప్పుడు ఒకటి, ముందే పట్టి ఉంచిన చిన్న చప్పుళ్లకు మరొకటి ఉండేవి. ఇంత కొద్ది సామానుతో కోట్లమంది మరిచిపోలేని పాట కట్టటం రొద చేయటం కాదు, విద్యే.

"టెట్రిస్" ఆట 1989లో చేతిలో పట్టే గేమ్‌బాయ్ యంత్రంలోకి వచ్చినప్పుడు, దానిలో పెట్టిన పాట రష్యా జానపదుల పాత బాణీ. ఊరూరా తిరిగి సరుకులమ్మే వర్తకుల పాట అది. వరినాట్లలో మన అమ్మమ్మలు పాడుకున్న పాట కూడా రేపు మీలో ఎవరో కట్టే గేములో వినబడవచ్చు.

కనుక ఆ పాటలు నచ్చటం తప్పు కాదు, చెల్లాయీ. నీ చెవి చెడ్డది కాదు. విన్న పాటను వెంటనే ఫిడేలు మీద పలికించావు చూడూ, సుబ్బరాజుగారి దగ్గర శ్రీనివాస్ చేసినదీ అటువంటి పనే.

అలాగని తాతయ్యగారి మాట కొట్టిపారేయకు. ఆయన భయంలో నిజం ఉన్నది. కీర్తనకు పల్లవి, అనుపల్లవి, చరణం ఉంటాయి. మళ్లీ పల్లవికి వచ్చి ముగుస్తుంది. కచేరీకి చివర మంగళం ఉంటుంది. గేము పాట అలా కాదు. ఆడేవాడు ఎంతసేపు ఆడతాడో పాట కట్టేవానికి తెలియదు. అందుచేత చివరి స్వరం మొదటి స్వరంలో కలిసేటట్టు, గానుగెద్దు తిరిగినట్టు, అంతం లేకుండా కడతాడు. ముగింపు వినబడకపోతే లేవాలని మనకు తోచదు. చూస్తూండగానే గంట గడిచిపోతుంది. ఆ గంట ఎక్కడిది? సాధనలోనుంచి పోయినదే! శ్రీనివాస్‌కు మాండొలిన్ నచ్చింది, నిజమే. కాని నచ్చటం ఒక్క రోజు పని. గురువుగారు పాడినదల్లా పట్టుకోవటం ఏళ్ల పని.

అందుచేత ఒకటి వదలవలసి వస్తే, పాటను కాదు, అంతం లేకపోవటాన్ని వదిలిపెట్టు. గేములో మంగళం పాడేవారు ఉండరు. ఆ మంగళం నీవే పాడాలి. ముందు సాధన, తరువాత ఆట. ఆటకు ఎంతసేపని ముందే అనుకో. ఆ వేళ కాగానే లే. ఇలా నెలరోజులు చేసి, తాతయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కీర్తనా, ఆ తరువాత ఒక గేము పాటా వినిపించు. ఏమంటారో చూద్దాం.

మిగతా తమ్ముళ్లకూ, చెల్లాయిలకూ కూడా ఈ నెల పని ఉన్నది. మీకు నచ్చిన గేము పాట ఒకటి తీసుకోండి. ఆట ఆడకుండా కళ్లు మూసుకుని పాట మాత్రమే వినండి. దాని షడ్జం ఏదో కూనిరాగం తీసి పట్టుకోండి. చేత్తో తాళం వేసి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టండి. ఎన్ని సెకన్లకు పాట మళ్లీ మొదటికి వస్తున్నదో గడియారం చూచి వ్రాసుకోండి. తరువాత చప్పుడు పూర్తిగా తీసివేసి అదే ఆట కాసేపు ఆడి చూడండి. ఏమి తేడా కనిపించిందో ఒక కార్డు మీద వ్రాసి నాకు పంపండి. బాగున్నవి వచ్చే నెల ఈ పేజీలోనే చదువుకుందాం.

మీ
అన్నయ్య