గుండెల్లో రాసిన ధర్మం

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికి వస్తున్న దళిత క్రైస్తవ యువకుడు ప్రణయ్‌ని నరికి చంపారు. ఆమెది వేరే కులం. అదే అతని నేరం. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ ఖైదు విధించింది.

ఈ హత్య పాపమని తెలియడానికి బైబిలు చదివి ఉండాలా? అక్కర్లేదు. ధర్మశాస్త్రం ఎరుగని అన్యజనుల హృదయాల్లోనూ దాని సారం రాసి ఉందని పౌలు రోమీయులకు తెలిపాడు (2:14-15). శ్రీసభ దీన్నే సహజ నైతిక ధర్మం అంటుంది. మేలు చేయాలి, కీడు మానాలి అన్నదే దాని మొదటి సూత్రమని పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. ప్రాణాన్ని కాపాడాలన్న ఆజ్ఞ అందులోంచే వస్తుంది. వివాహాన్ని నిలబెట్టేది ఇద్దరి స్వేచ్ఛా సమ్మతే గాని ఇంటి పరువు కాదు. కులాచారం ఎంత పాతదైనా ఈ ధర్మానికి ఎదురైతే అది దురాచారమే.

అదే ధర్మం ఉరికొయ్య దగ్గర కూడా మనల్ని ఆపుతుంది. ప్రణయ్ హత్యకు నెల ముందే, 2018 ఆగస్టులో, మరణశిక్ష ఎన్నటికీ అంగీకారం కాదని పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశాన్ని సవరించారు. నేరం చేసినవాడూ దేవుని పోలికను పోగొట్టుకోడు. శిక్ష పడాల్సిందే; ప్రాణం తీయకూడదు. కడుపుకోత అనుభవించిన ఇంటివారితో ఈ మాట చెప్పడం కష్టమని మాకు తెలుసు. వారికి న్యాయం జరగాలని ముందుగా నిలబడినవారికే ఈ మాట అనే హక్కు ఉంటుంది.

ఇక మన సంగతి. నల్లగొండ, పాలమూరు సంఘాల్లో ఒకే బల్ల దగ్గర ప్రభువు శరీరాన్ని పంచుకుంటున్న మనం, పెళ్లి సంబంధం వెదికేటప్పుడు మొదట అడిగేది ఏమిటి? కత్తి ఎత్తింది వేరెవరో కావచ్చు. ఆ ప్రశ్న మాత్రం మన ఇళ్లలోనూ ఉంది.