ఇంటి ముచ్చట్లు: తొట్టి క్రింద తలుపు

మన తిరువళ్ళూరు, తిరుత్తణి పట్టుల ఇప్పుడు ఏ ఇల్లు బాగుచేయించినా దానితోపాటు ఒక కొత్త వస్తువు ఇంట్లోకి వస్తున్నది. అదే చేతులు కడుక్కొనే తొట్టి, దాని క్రింద తలుపుల అలమర. అంగడివారు వాష్ బేసిన్ కేబినెట్ అంటారు. తెల్లని పింగాణి, నిగనిగలాడే కుళాయి, నునుపైన తలుపులు చూడగానే ఎవరికైనా మనసు పోతుంది. పాఠక సోదరీ సోదరులలో కొందరు ఈపాటికి కొనే ఉంటారు. పండుగకు కొందామని చూస్తున్నవారికోసం ఈ నెల ఈ ముచ్చట. మేము చెప్పదలచినది ఒక్కటే: తొట్టిని పైనుంచి చూసి మెచ్చుకోండి, కాని క్రిందినుంచి చూసి కొనండి.

మన పెద్దల నాటి ఇళ్ళలో ఈ వస్తువు లేదు. పెరట్లో నీళ్ళ తొట్టి, ప్రక్కన ఒక రాతి పలక, అంచున చెంబు, అంతే సరంజామా. భోజనమైన చేతులు, బయటినుంచి వచ్చిన కాళ్ళు, చంటివాడి మూతి, అన్నిటికీ అదే చోటు. ఆ నీళ్ళు చిన్న కాలువగుండా అరటి పాదుకో, చేమదుంపల మడికో పోయేవి. కాలువ పూడితే నీళ్ళు కాళ్ళకు తగిలేవి, ఇంటిల్లిపాదికీ తెలిసేది, ఎవరో ఒకరు పుల్లతో కెలికి విడిచేవారు. ఇప్పటి అలమరతో వచ్చిన చిక్కల్లా ఇక్కడే ఉన్నది. నీరు పోయే దారికి మనం తలుపు వేశాము. దాని వెనుక చుక్కచుక్కగా కారుతున్నదీ లేనిదీ, పలక ఉబ్బి తలుపు పట్టేసేదాకా, ప్రక్కగది గోడకు చెమ్మ ఎక్కేదాకా తెలియదు.

మా ఇంట ఈ ప్రస్తావన వచ్చినప్పుడు మొదట అడ్డుపడినది అమ్మ. "ఎంగిలి చెయ్యి కడిగే చోటి క్రింద తువ్వాళ్ళూ సబ్బులూ దాచుకుంటారా నాయనా? పైనుంచి కారితే అన్నీ ఎంగిలే గదా!" అన్నది. "గొట్టంలో పోయే నీళ్ళకు ఎంగిలేమిటి నాయనమ్మా?" అని పిల్లలు నవ్వారు. ఇల్లాలు, "సామాను సర్దుకొనేందుకు చోటు వస్తుంది గదా అత్తయ్యా" అన్నది. చివరకు ఇద్దరి మాటా చెల్లింది. తువ్వాళ్ళు, సబ్బులు ప్రక్క గోడ మీది అరలోకి పోయాయి. తొట్టి క్రింద ఒక చిన్న బకెట్టు, బ్రష్షు మాత్రమే ఉన్నాయి. అమ్మ మాటలో మడి ఎంత ఉన్నదో లెక్కా అంత ఉన్నది. నిండుగా కుక్కిన అలమరలో కారుడు కనబడదు, ఖాళీ అలమరలో కనబడుతుంది.

ఇక ఎత్తు సంగతి. తొట్టి పై అంచు నేలనుంచి 80 మొదలు 85 సెంటీమీటర్లు, అనగా సుమారు 32, 33 అంగుళాలు ఉండడం వాడుక. కాని అంగట్లో అలమర మీద బల్ల, బల్ల మీద గిన్నెవంటి తొట్టి పెట్టి చూపిస్తారు. అలమర ఎత్తు ఒక్కటే కొలిచి తెచ్చుకొంటే, పైనున్న గిన్నె మరి ఐదారు అంగుళాలు లేస్తుంది. అప్పుడు మోచేతులు పైకెత్తి మొగం కడుక్కోవలసి వస్తుంది. నీళ్ళు మోచేతినుంచి నేలకు కారతాయి. తడి నేల మీద పెద్దవాళ్ళు జారి పడితే, ఆ వయసులో విరిగిన తుంటి ఎముకకు తొట్టి ధరకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది, పడ్డ బాధ వేరు. కనుక ఇంట్లో అందరికంటె పొట్టివారైన పెద్దవారిని గోడ దగ్గర నిలబెట్టి, వారికి అనువైన చోట బొగ్గుతో గీత గీసి, ఆ గీతనుంచి క్రిందికి లెక్క కట్టుకోవాలి. పిల్లలకు పీట వేయవచ్చు, పెద్దవాళ్ళను పీట ఎక్కించలేము.

పెద్దవాళ్ళు మొగం కడుక్కొనేటప్పుడు తొట్టి అంచు పట్టుకొని వంగుతారు. కనుక తొట్టి బరువు గోడలోకి దిగిన బోల్టుల మీదనో, బ్రాకెట్ల మీదనో నిలవాలిగాని అలమర పలక మీద కాదు. మీది నాలుగున్నర అంగుళాల గోడ అయితే ఆ మాట మేస్త్రీకి ముందే చెప్పండి. చెక్క విషయంలోనూ జాగ్రత్త కావాలి. రంపపు పొట్టు అదిమి చేసిన పలక తడి తగిలితే ఉబ్బి విడిపోతుంది. ప్లైవుడ్ అయితే ఐ.ఎస్. 710 అనే ముద్ర వెదకండి. అది మెరైన్ ప్లైవుడ్‌కు ఏర్పరచిన భారతీయ ప్రమాణం. అలమరకు నాలుగైదు అంగుళాల కాళ్ళుంటే నేల కడిగిన నీళ్ళు అంటవు.

తలుపు తీసి చూస్తే తొట్టి క్రింద వంపు తిరిగిన గొట్టమో, సీసావంటి బుడ్డో ఉంటుంది. దానిని ట్రాప్ అంటారు. అందులో రెండు మూడు అంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి, మురుగు కాలువ గాలిని ఇంట్లోకి రానీయక అడ్డుకుంటుంది. ఈ వంపు ఉపాయానికి 1775లో లండనులోని అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాలు చేసే ఆయన పేటెంటు పొందాడు. చిన్న వస్తువే గాని దాని పని చిన్నది కాదు. 2003లో సార్స్ జాడ్యం వచ్చినప్పుడు హాంకాంగులో ఆమోయ్ గార్డెన్స్ అనే అంతస్తుల ఇళ్ళలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు. స్నానాల గదుల నేల తూములలోని ట్రాపులు నీరు లేక ఎండిపోవడంతో, మురుగు గొట్టాలగుండా క్రిములు ఇళ్ళలోకి ప్రాకినట్లు విచారణలో తేలింది. మనవాళ్ళలో చాలామంది ఇంటికి తాళం వేసి, చెన్నైకో, బెంగుళూరుకో, అమెరికాకో పిల్లల దగ్గరకు నెలల తరబడి వెళ్ళుతుంటారు. తిరిగి రాగానే దీపం వెలిగించేలోగా ప్రతి తూములోనూ ఒక చెంబు నీళ్ళు పోయండి. ఇంట్లో వాసన ఎందుకని వెతుక్కొనే పని తప్పుతుంది.

ట్రాపు నిండితే విప్పి కడగాలి. అలమర వెనుక పలకను బిగించివేస్తే చేయి దూరదు. మా ఇంట ప్లంబరు, "ఇంత అందంగా మూసేస్తే వెనుక రంధ్రమెందుకు సార్?" అన్నాడు. అయినా వెనుక పలకను నాలుగు మరలతో ఊడదీసేటట్లు పెట్టించాము. నీళ్ళు వచ్చే గొట్టానికి యాంగిల్ కాక్ అనే కట్టు కుళాయి తప్పనిసరి, అది చేతికందేలాగున ఉండాలి. గొట్టం పగిలిన రాత్రి మిద్దెమీది ట్యాంకుదాకా పరుగెత్తనక్కరలేదు. బోరునీళ్ళు ఉప్పగా ఉన్న వీధుల్లో తెల్లటి పొర పేరుకొని ఈ కట్టు కుళాయి బిగుసుకుపోతుంది. నెలకొకసారి త్రిప్పి చూడడం మంచిది.

ఒక చుక్క ఎంతలే అనుకొనేవారికి చిన్న లెక్క చెబుతాము. సెకనుకొక చుక్క, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొందాము. దినానికి 86,400 చుక్కలు, అంటే నాలుగు లీటర్లకు పైమాట. ఏడాదికి పదిహేను వందల లీటర్లు దాటుతుంది. మనం ఉన్నదేమో పట్నానికి నీళ్ళిచ్చే చోట. మన పెద్దలు కుశస్థలి అని పిలిచిన కొసస్తలయారు మీద 1944లో పూండి జలాశయం కట్టారు. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి ఏటా 12 టి.ఎం.సి.లు, అనగా 1,200 కోట్ల ఘనపుటడుగుల నీరు ఇవ్వవలసి ఉండగా, కండలేరునుంచి కాలువ త్రవ్వి తెచ్చిన కృష్ణ నీరు 1996లో మొదటిసారి ఆ పూండికే చేరింది. అంత దూరంనుంచి నడిచి వచ్చిన నీటిని అలమరలో చీకట్లో కారనీయడం న్యాయం కాదు. పెరడున్నవారు తొట్టి నీటిని అరటి పాదుకు మళ్ళించుకోవచ్చు. గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు పెట్టిస్తే చాలు.

కూలి ఇచ్చేముందు ఒక పరీక్ష చేయండి. తొట్టి నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదలండి. క్రింద ప్రతి అతుకు దగ్గర పొడి కాగితం అద్ది చూడండి. కాగితం తడవకపోతే మేస్త్రీకి కాఫీ ఇచ్చి, డబ్బు లెక్కపెట్టి పంపండి. తడిస్తే కాఫీ మాత్రం ఇచ్చి మళ్ళీ కూర్చోబెట్టండి.