దుప్పటి పంచితే చాలదు

డిసెంబరు రాగానే హైదరాబాద్‌లో దుప్పట్ల పంపిణీలు మొదలవుతాయి. అర్ధరాత్రి కారు ఆగుతుంది. నిద్రలో ఉన్న మనిషిని లేపి దుప్పటి చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఇల్లు లేనివాళ్లకు మనలాంటివాళ్లం చేయగలిగింది ఇంతేనన్న నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. అది తప్పుడు నమ్మకం. చలికి దుప్పటి కావాలి, నిజమే. కానీ పేరైనా అడగకుండా ఇచ్చి వెళ్లడాన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు.

నాంపల్లి స్టేషన్ బయట పడుకునే ఒకతనికి టీబీ వచ్చిందనుకోండి. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. మామూలు టీబీకైతే ఆరు నెలలు వాడాలి. తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది కూడా. ఖాతాకు ఆధార్ అడుగుతారు. ఆ కార్డున్న సంచి ఎప్పుడో పోయింది. మాత్రలు మూటలో దాచుకుంటే, ఫుట్‌పాత్ ఖాళీ చేయించిన రోజు మూట చెత్తబండి ఎక్కుతుంది. రెండు నెలలకు కాస్త ఒళ్లు తేరుకోగానే క్యాటరింగ్ పనికని వేరే ఊరు పోతాడు. మందు ఆగిపోతుంది, రోగం మొండికేస్తుంది. మందూ ఉంది, పథకమూ ఉంది. "మాత్ర వేసుకున్నావా అన్నా" అని వారం వారం వచ్చి అడిగేవాళ్లు, ఆధార్ సెంటర్లో పక్కన నిలబడి అతని తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

షెల్టర్లున్నా వీళ్లు పోరు, సోమరులు అంటారు. ఎందుకు పోరో అడిగినవాళ్లెందరు? పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, రాత్రీపగలూ తెరిచి ఉండే షెల్టర్లు కట్టాలని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఉన్న కొద్దిపాటివాటిలో ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. పిల్లలతో ఉన్న జంట ఎటు పోవాలి? తెల్లవారకముందే అడ్డా మీద నిలబడాల్సిన కూలీ, ఊరికి ఆ చివరనున్న షెల్టర్‌కు ఎలా పోతాడు? మన పెళ్లిళ్లలో వడ్డించేదీ, మార్కెట్లో మూటలు మోసేదీ వీళ్లలో చాలామందే. సోమరులన్న మాట పచ్చి అబద్ధం.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల పైచిలుకు తేలారు. వీళ్లకు చిరునామా పత్రం లేకపోయినా ఓటు హక్కు ఇవ్వవచ్చు. దరఖాస్తులో రాసిన చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి, ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలన్నది ఎన్నికల సంఘం పద్ధతి. ఫుట్‌పాత్‌ను చిరునామాగా ఒప్పుకునే ఈ ఏర్పాటు సంగతి వాళ్లకు చెప్పి, దరఖాస్తు నింపిపెట్టేది ఎవరు?

ఇలా వెంట ఉండటం తేలిక కాదు. అతను తాగి రావచ్చు, మాట వినకపోవచ్చు, నెల రోజులు కనిపించకుండా పోవచ్చు. మన ఇళ్లలో మన తమ్ముళ్లు అలా చేసినా వదిలేయడం లేదు కదా.

ఈసారి దుప్పట్లు కొనే సంఘాలను ఒక్కటే అడుగుతున్నాను. పంచిన రాత్రే పేర్లు రాసుకోండి. ఒక్కో కార్యకర్తకు ఇద్దరిని అప్పగించండి. జనవరిలో, మార్చిలో, జూన్‌లో వాళ్లెక్కడున్నారో, కార్డు వచ్చిందో లేదో, మందు ఆగిందేమో ఆ కార్యకర్తను అడగండి.