ఉడుతసాయమునకును మర్యాద కలదు

వారధి కట్టునపుడు ఉడుత చేసిన సాయమును ఎరుగని బాలుడు తెలుగునాట లేడు. వాల్మీకి రామాయణమున ఆ కథ లేదు. అయినను జనులు దానిని విడువలేదు. పెద్దపనిలో చిన్నప్రాణికిని చోటు కలదన్న మాట అందులో ఉన్నది. ఉపాధ్యాయులమగు మనము పిల్లలకు సాధారణముగా చెప్పునది ఆ మాటయే. కాని ఆ కథలో మరియొక సగము కలదు. రాముడు ఆ ఉడుతను చేతిలోనికి తీసికొని వీపు నిమిరెను. చిన్నసాయము చేసినవానిని చూచి, పలుకరించి, ఆదరించుట పని చేయించుకొన్నవాని ధర్మమని ఆ సగము చెప్పుచున్నది. ఈ రెండవ సగమును గూర్చియే నేను నాలుగు మాటలు వ్రాయదలచితిని.

ఇంచుమించు 30 ఏండ్లుగా లోకమున ఒక క్రొత్తరకపు ఉడుతసాయము నడచుచున్నది. మన యిండ్లలోను, పాఠశాలలలోను ఉన్న కంప్యూటరు తన శక్తిలో అధికభాగమును ఊరకయే పోగొట్టుచుండును. మాస్టరుగారు ప్రశ్నపత్రము టైపు చేయుచున్నపుడు దానికి పట్టు శ్రమ అత్యల్పము. ఇట్లు వ్యర్థమగు శక్తిని శాస్త్రజ్ఞులు దానముగా అడిగిరి. ఒక యంత్రమునకు లొంగని మహాగణనను చిన్నచిన్న తునకలుగా కోసి, ఇంటర్నెట్టు ద్వారా ఇంటింటికిని పంపుదురు. గృహస్థుడు తన యంత్రములో నిలిపిన ఒక ప్రోగ్రాము, తీరిక దొరకినపుడెల్ల ఆ తునకను లెక్కించి ఫలితమును తిరిగి పంపును. తప్పు దొరలకుండ ఒకే తునకను ఇద్దరు ముగ్గురికి ఇచ్చి ఫలితములను సరిచూచుటయు కలదు.

పల్నాటివారికి ఈ పద్ధతి అపరిచితము కాదు. మాచర్లలో బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూటిలో కులభేదము లేక అందరును ఒక్క చాపపై కూర్చుండిరని చెప్పుకొందుము. ఈ గణనపంక్తిలోను అంతియే. అమెరికాలోని ఆచార్యుని యంత్రమును, గురజాలలోని విద్యార్థి యంత్రమును ఒక్క వరుసలోనే కూర్చుండును. నీవెవ్వడవు, ఏమి చదివితివి అని ఎవరును అడుగరు. ఇచ్చిన లెక్క సరిగా చేసిన చాలును.

ఇందులో మిక్కిలి పేరుపడినది సెటి ఎట్ హోమ్. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమువారు 1999 మే 17న దీనిని ప్రజలకు విడుదల చేసిరి. ప్యూర్టోరికో ద్వీపమునందలి అరెసిబో రేడియో దూరదర్శిని పట్టిన ఆకాశధ్వనులలో, మనవంటి బుద్ధిజీవులు పంపిన సంకేతమేమైనను ఉన్నదేమో వెదకుట దీని పని. ప్రపంచమంతట 50 లక్షలకు పైగా జనులు ఇందులో చేరిరి. కంప్యూటరు తెరపై రంగురంగుల శిఖరములవలె లేచి పడు ఆ రేఖలను చూచుచు, తమ గదిలోనుండి నక్షత్రములతో మాటాడుచున్నట్లు వారు ఉప్పొంగిరి. ఎవరెన్ని తునకలు పూర్తిచేసిరో ఆ లెక్క అందరికిని కనబడుచుండెను. కొందరికి ఆ లెక్కయే ఒక బిరుదు.

తరువాత మార్పు వచ్చినది. పాత ప్రోగ్రాము ఆ ఒక్క పనికే పుట్టినది. అందులో చిన్న సవరణ చేయవలెనన్నను లక్షలాది జనులు మరల క్రొత్త ప్రతిని తెచ్చుకొనవలసియుండెను. లెక్క పెంచుకొనుటకు దొంగ ఫలితములు పంపువారును బయలుదేరిరి. ఇందుకు విరుగుడుగా డేవిడ్ ఆండర్సన్ నాయకత్వమున బర్క్లీలోనే బాయింక్ అను క్రొత్త ప్రోగ్రాము తయారైనది. ఒక్క యంత్రము ఖగోళమునకు సగము, వాతావరణమునకు పాతిక, వైద్యమునకు పాతిక పాలు పంచియీయగల సదుపాయము దీనితో కలిగినది. శాస్త్రమునకు ఇది నిస్సందేహముగా మేలు. 2005 డిసెంబరు 15న పాత పద్ధతిని మూసివేసిరి.

మరి దాతల మాట ఏమి? పాతదానిలో తునకల లెక్క, క్రొత్తదానిలో వేరొక కొలత. ఆరేడేండ్లు కూడబెట్టిన లెక్కను క్రొత్త ఖాతాలో కలుపలేదు. పాత గుర్తుగా ప్రక్కన వ్రాసి యుంచిరి. క్రొత్త ప్రోగ్రామును నిలుపుకొనుట పాతదానివలె సులభముగా లేదు. అనేకులు ఆ గడప దాటి లోనికి రాలేదు. వారు కోపించి పోయినవారు కారు. ఏమి జరుగుచున్నదో తెలియక నిలిచిపోయినవారే అధికులని నా ఊహ. పాఠశాలలో సిలబసు మారినపుడు వెనుకబెంచీ విద్యార్థి ఎట్లు మౌనముగా జారిపోవునో, ఇదియు అట్టిదే. అతడు లేచి ప్రశ్నింపడు. ఒకనాడు హాజరుపట్టీలో మాత్రము కనబడడు.

ఇదే సంస్థ పదునైదేండ్లకు మరొక మార్పు చేసినది. అప్పటికి కావలసిన దత్తాంశమంతయు పరీక్షింపబడినదనియు, ఇక ఫలితములను క్రోడీకరించి వ్రాయు పనిపై దృష్టి నిలుపవలెననియు 2020 మార్చి మొదట ప్రకటించి, ఆ నెల 31వ తేదీతో క్రొత్త పని పంపుట మానినది. మూసివేతయైనను అందులో ఒక మర్యాద ఉన్నది. ముందుగా చెప్పిరి, కారణము చెప్పిరి, యంత్రశక్తిని వేరొక పనికి మరల్చుకొను వీలు ఉండెను. ఆ సంవత్సరమే డిసెంబరు 1న అరెసిబో దూరదర్శిని కూలిపోయినది. కాని ఇండ్లలో చేసిన లెక్క కూలలేదు. 2025లో ఆ పరిశోధన ఫలితములు శాస్త్రపత్రికలో వెలువడినవి.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ కథ వేరు. 2004లో ఐ.బి.ఎమ్. సంస్థ దీనిని స్థాపించినది. క్యాన్సరు, ఎయిడ్సు, క్షయ మున్నగు వ్యాధులపై పరిశోధనకు ఇది తోడ్పడినది. 2021లో దీని బాధ్యత కెనడాలోని టొరంటో నగరమందలి క్రెంబిల్ పరిశోధన సంస్థకు మారినది. మరుసటి యేడు తరలింపు వేళ నెలల తరబడి పని నిలిచిపోయినది. యజమాని మారుట తప్పు కాదు. క్రొత్త ఇంటిలో సామాను సర్దుకొనుటకు కాలము పట్టుటయు సహజమే. అయినను, వచ్చునో రాదో తెలియని పనికై యంత్రమును తెరచియుంచి ఎదురుచూచిన దాత ఓర్పును ఏ పట్టికలో వ్రాయుదురు?

దాతలు మిక్కుటమగుటయు ఒక చిక్కే. 2020లో కరోనా వ్యాపించినపుడు, ఆ సూక్ష్మజీవి ప్రోటీనులను పరిశీలించుచున్న ఫోల్డింగ్ ఎట్ హోమ్ అను కార్యమునకు జనులు వెల్లువగా తరలివచ్చిరి. సెకనుకు ఒకటి ప్రక్కన 18 సున్నలుగల సంఖ్యను మించిన లెక్కలు చేయగల బలము సమకూడినది. పంచుటకు తునకలు చాలక కొందరి యంత్రములు ఖాళీగా నిలిచినవి. వడ్డించువారికంటె పెట్టవచ్చినవారు ఎక్కువైన సంతర్పణ అది.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేయు మార్పు మరియొకటి. పనియొక్క బరువు ఏటేట పెరుగుచున్నది. స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థవారి ఎల్.హెచ్.సి. ఎట్ హోమ్ కార్యములో కొన్ని పనులకు వర్చువల్ బాక్స్ అను అదనపు ప్రోగ్రామును, పెద్ద జ్ఞాపకశక్తిని గల యంత్రము కావలెను. మహాప్రధానసంఖ్యలను వెదకు జింప్స్ అను సంఘము 1996 నుండి ఇంటి కంప్యూటర్లతోనే నడచినది. 2024 అక్టోబరు 12న దొరకిన 4,10,24,320 అంకెల ప్రధానసంఖ్యను పట్టినది మాత్రము ఇంటి యంత్రము కాదు. 17 దేశములలోని కేంద్రములందు నడచిన గ్రాఫిక్సు ప్రాసెసర్ల సమూహము. ఇంటి కంప్యూటరు 28 ఏండ్లుగా అనుభవించిన రాజ్యము ఆనాడు ముగిసినది.

జవహర్ కాలువ క్రింద వ్యవసాయము చేయు మన రైతునకు ఈ స్థితి వివరింప నక్కరలేదు. 1967 ఆగస్టులో సాగరు నీరు వదలిననాటినుండి, తూము దగ్గరి పొలము బ్రతుకు వేరు, చివరి ఆయకట్టు బ్రతుకు వేరు. వంతుల పట్టిక మారినపుడు మొదట ఎండునది చివరి పొలమే. పాత కంప్యూటరుగల పల్లెటూరి పాఠశాల ఈ గణనకాలువకు చివరి ఆయకట్టు. క్రొత్త ప్రోగ్రాము వచ్చిన ప్రతిసారియు “నీ యంత్రము చాలదు” అన్న వాక్యము మొదట దానికే ఎదురగును.

“ఉచితముగా ఇచ్చినవానికి అడుగు హక్కేమి? ఇష్టము లేనిచో మానుకొనవచ్చును గదా” అని కొందరందురు. ఈ వాదమును నేను అంగీకరింపను. దాత ఇచ్చునది వట్టి తీరిక కాదు. యంత్రము పూర్తి బలముతో పనిచేసినపుడు విద్యుచ్ఛక్తి ఎక్కువ ఖర్చగును. మన పల్నాటి మే నెల ఎండలో ఆ వేడిమి యంత్రపు ఆయుర్దాయమును తగ్గించును. అన్నిటికిని మించి అతడు తన యింటి యంత్రమునకు తాళపుచెవి ఇచ్చుచున్నాడు. నమ్మి ఇచ్చినవానికి చెప్పి చేయుట కనీస న్యాయము.

శాస్త్రజ్ఞుల పక్షమునను న్యాయము కలదు. ఈ కార్యములలో పెక్కింటిని నడుపువారు కొలదిమంది, ధనము అల్పము. పాత ప్రోగ్రామును కలకాలము మోయుడని వారిని నిర్బంధించుట తగదు. లోపము బయటపడిన ప్రోగ్రామును మార్చకయుండుట దాతకే ప్రమాదము. కావున మార్పు వలదని నేననను. మార్చు తీరును గూర్చియే నా మాట.

ఆ తీరునకు నిదర్శనము మన మాచర్ల సమీపముననే ఉన్నది. సాగరు జలాశయము క్రింద నాగార్జునకొండ లోయ మునుగునని తెలిసినపుడు, 1954 నుండి 1960 వరకు అచట త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల కాలపు కట్టడములను కొన్నింటిని ఎగువ కొండమీదికిని, అనుపునకును తరలించి నిలిపిరి. నీరు వచ్చిన తరువాత ఏడ్చుటకంటె, నీరు రాకముందు మోయుట మేలని వారు తలచిరి. పాత లెక్కలు, పాత పేర్లు, పాత ఫలితములు ఉన్న ప్రోగ్రామును మార్చువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

తెలుగువారము ఈ బాధను వేరొకచోట పడినవారమే. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, అటు తరువాత చాలకాలము అచ్చుపని వేర్వేరు లిపులతో సాగినది. ఒక్కొక్క సంస్థ లిపి ఒక్కొక్క రీతి. ఒక యంత్రమున టైపు చేసిన వ్యాసము మరొకదానిలో అర్థము లేని రోమను అక్షరముల కుప్పగా కనబడెడిది. లిపిని మార్చు సాధనములు దొరకినను వత్తులును గుణింతములును తారుమారగుట తప్పలేదు. మార్పు మంచిదే, నేడు తెలుగు అన్ని యంత్రములలోను కనబడుట దాని పుణ్యమే. కాని పాతదానినుండి క్రొత్తదానికి వంతెన వేయని మార్పు ఎంత సాహిత్యమును చిందరవందర చేయునో మన కనుభవమే.

కనుక ఇట్టి కార్యములు నడుపువారు పాటింపవలసినవి నాలుగు కనబడుచున్నవి. మార్పును తగినంత ముందుగా, కారణముతో సహా తెలుపవలెను. దాత చేసిన పాత పనిని చెరుపక కాపాడవలెను. చిన్న యంత్రములకు తగిన చిన్న పనిని కొంతయైనను మిగిల్చి యుంచవలెను. తెలియజేయు మాట ఆంగ్లము రానివానికిని అందవలెను. ఈ నాలుగవది వారు చేయునంతవరకు మనము ఊరకుండ నక్కరలేదు. ఆ ప్రకటనలను తెలుగుచేయుట మన కళాశాల విద్యార్థులకు చక్కని భాషాభ్యాసము.

మనకును ఒక నియమము కలదు. పాఠశాల యంత్రము మన సొత్తు కాదు. ప్రధానోపాధ్యాయుని అనుమతి లేక ఏ సత్కార్యమునకైనను దానిని వినియోగింపరాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక సాంకేతిక కళాశాల ఉద్యోగి, అనుమతి లేక కళాశాల యంత్రములలో ఇట్టి ప్రోగ్రామును నిలిపెనని నేరారోపణకు గురి అయ్యెను. 2002లో ఆ వ్యవహారము ప్రొబేషనుతోను పరిహారముతోను ముగిసినది. అనుమతి పొంది, వేసవిలో నిలిపివేసి, కరెంటు ఖర్చును లెక్కవేసికొని మొదలిడిన పని మాత్రము విద్యార్థికి గొప్ప పాఠము. ఏ కార్యమునకు ఇచ్చుచున్నాము, ఎవరు నడుపుచున్నారు, ఫలితము అందరికిని అందునా అని మొదట చదివి తెలిసికొనుట ఆ పాఠములో తొలి అధ్యాయము. కార్యనిర్వాహకులు మార్పు ప్రకటించిననాడు దానిని తరగతిలో చదివి, సందేహములుండిన వారికి లేఖ వ్రాయించుట రెండవది. పిల్లలు అడుగుట నేర్చినచో, చెప్పుట వారికిని అలవాటగును.