అద్దం చెప్పిందే టైమ్

రెసొనెన్స్ అంటే ఏంటని మన క్లాసులో ఎవర్ని అడిగినా వైవాలో చెప్పినట్టు టక్కున చెప్తారు. ఇచ్చే ఫ్రీక్వెన్సీ, వస్తువు సహజ ఫ్రీక్వెన్సీ కలిస్తే యాంప్లిట్యూడ్ మాక్సిమమ్. గ్రాఫ్ గియ్యమంటే కొండలాంటి బొమ్మ గీస్తారు. దాని కింద ఉండాల్సిన ఫేజ్ గ్రాఫ్ మాత్రం ఎవరూ గియ్యరు, మార్కులన్నీ కొండకే కాబట్టి. నా గొడవంతా ఆ వదిలేసిన గ్రాఫ్ గురించే. ఒక బుల్లి అద్దాన్ని సాక్ష్యంగా తెచ్చుకున్నాను.

దాని పేరు మెమ్స్ స్కానింగ్ మిర్రర్. సిలికాన్‌తో చేస్తారు. వెడల్పు ఒక మిల్లీమీటరు అటూఇటూ, అంటే ఆవగింజంత. రెండు పక్కలా సన్నటి సిలికాన్ కడ్డీలు పట్టుకుని ఉంటాయి, అవి మెలితిరుగుతుంటే అద్దం ఊగుతుంది. దాని మీద లేజర్ వేస్తే గోడ మీద గీత పడుతుంది. ఇంకో దిశలో నెమ్మదిగా తిప్పితే గీతలు ఒకదాని కింద ఒకటి పేరుకుని బొమ్మ అవుతుంది. 1980లోనే ఐబీఎంలో కర్ట్ పీటర్సన్ ఇలాంటి అద్దం గురించి పేపర్ రాశారు. 2019లో వచ్చిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 కళ్లముందు బొమ్మ చూపించేది ఈ రకం అద్దాలతోనే. (క్లాసుల్లో వాడే డీఎల్‌పీ ప్రొజెక్టర్‌లోనూ బుల్లి అద్దాలుంటాయి గానీ అవి వేరే జాతి. ఊగవు, ఇటో అటో వాలతాయంతే.)

గీతలు గీసే దిశలో అద్దం సెకనుకి 20,000 సార్లు ఊగాలనుకుందాం. బలవంతంగా ఊపాలంటే బ్యాటరీ చాలదు. అందుకే దాని సొంత ఫ్రీక్వెన్సీ దగ్గరే ఊపుతారు. క్యూ ఫ్యాక్టర్ 1000 అయితే, అదే బలాన్ని స్థిరంగా పెట్టినప్పుడు ఎంత వంగుతుందో దానికి వెయ్యి రెట్లు ఊగుతుంది. ఊరికే వచ్చే లాభం కాదిది. 20,000ని 1000తో భాగిస్తే 20. కొండ వెడల్పు 20 హెర్ట్జే. అంటే కొండ కూడా కాదు, సూది.

ఆ సూది ఒకచోట నిలవదు. వేడెక్కితే సిలికాన్ కాస్త మెత్తబడుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కి ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో 30 వంతులు తగ్గుతుంది. మన అద్దానికి అది 0.6 హెర్ట్జ్. మే నెల ఎండలో నిలబెట్టిన కారులో ఉన్న అద్దం 40 డిగ్రీలు వేడెక్కితే 24 హెర్ట్జ్ జారిపోతుంది. మనం పాత 20,000 దగ్గరే ఊపుతూ కూర్చుంటే ఊపు 38 శాతానికి పడిపోతుంది. మీటరు వెడల్పు బొమ్మ ముప్పై ఎనిమిది సెంటీమీటర్లకి కుంచించుకుపోతుందన్నమాట. ఎండదాకా ఎందుకు, దాని మీద పడే లేజరే అద్దాన్ని వేడెక్కిస్తుంది. తెల్లటి సీన్ వస్తే ఒక వేడి, చీకటి సీన్ వస్తే ఇంకో వేడి.

మనలాంటి కోడ్ రాసేవాళ్లకి వెంటనే తట్టే ఐడియా ఒకటుంది. ఊపుని కొలుస్తూ ఉందాం, తగ్గితే ఫ్రీక్వెన్సీ సరిచేద్దాం. ఇది పనికిరాదని నేనంటాను. ఒక్క డిగ్రీ తేడా వచ్చినప్పుడు లెక్కేసి చూడండి. ఊపు తగ్గేది 0.2 శాతం కూడా ఉండదు, ఎందుకంటే శిఖరం మీద నేల చదునుగా ఉంటుంది. పోనీ తగ్గిందని తెలిసినా, ఎటు జారామో అది చెప్పదు. ఎడమకి దిగినా కుడికి దిగినా దిగినట్టే ఉంటుంది.

అదే ఒక్క డిగ్రీకి ఫేజ్ 3.4 డిగ్రీలు కదులుతుంది. ప్లస్సా మైనస్సా అనేది కూడా చెప్తుంది. 3.4 పెద్ద విషయమా అంటారేమో. ఒక గీతలో 1280 పిక్సెళ్లుంటే, మధ్యలో ఒక్కో పిక్సెల్‌కి దొరికే టైమ్ 12 నానోసెకన్ల పైచిలుకు. 3.4 డిగ్రీలంటే 477 నానోసెకన్లు. అంటే 38 పిక్సెళ్లు. అద్దం వెళ్లేటప్పుడు గీసిన గీత ఒక పక్కకి, వచ్చేటప్పుడు గీసింది రెండో పక్కకి జరుగుతాయి. తెర మీద ‘క’ అని రాస్తే పక్కపక్కన రెండు ‘క’లు కనిపిస్తాయి, రెండూ చారలు చారలుగా. ఇంతా జరిగాక కూడా యాంప్లిట్యూడ్ గ్రాఫ్ అంతా బాగానే ఉందంటుంది!

కాబట్టి అద్దం ఎక్కడుందో కొలవాలి. కడ్డీల మీద ఒత్తిడిని పసిగట్టే సెన్సర్లో, కెపాసిటెన్స్ మార్పో, గీత చివర పెట్టిన ఫోటోడయోడో ఏదో ఒకటి వాడతారు. రెసొనెన్స్ దగ్గర అద్దం కదలిక ఇచ్చిన బలం కంటే సరిగ్గా 90 డిగ్రీలు వెనక ఉంటుంది. ఆ 90ని వదలకుండా పట్టుకునేలా ఫ్రీక్వెన్సీని సర్దుతూ ఉండటమే ఫేజ్ లాక్డ్ లూప్ పని. ఊపు ఎంతుండాలో చూసుకోవడానికి ఇంకో లూప్ విడిగా ఉంటుంది. అట్లతద్దికి ఉయ్యాల ఊపేవాళ్లు గడియారం చూసి తొయ్యరు కదా, ఉయ్యాల వెనక్కొచ్చి మళ్లీ ముందుకి తిరిగేది చూసి తోస్తారు. తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకంలో రెసొనెన్స్‌ని అనునాదం అంటారు. నేను చదివింది ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఈ మాట ఆలస్యంగా తెలిసింది, కానీ ఇదే నచ్చింది. అనుసరించడంలో ఉన్న ‘అను’ ఇందులోనూ ఉంది.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, తీసిపారేసేది కాదు. వీడియో సెకనుకి కచ్చితంగా 60 ఫ్రేములు వస్తుంది. అద్దం ఫ్రీక్వెన్సీ దాని ఇష్టానికి మారుతుంటే మిగతా సిస్టమంతా దాని చుట్టూ తిరగాలా? ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టేసి, ఊపు తగ్గితే వోల్టేజ్ పెంచితే పోలేదా? క్యూ తక్కువున్న అద్దమైతే ఒప్పుకుంటాను. రెండు అద్దాలు కలిసి ఊగాల్సిన చోట కూడా వేరే దారి లేదు. ఏ రెండు అద్దాల సూదులూ ఒకేచోట ఉండవు కాబట్టి, ఒకటి తన శిఖరం వదిలి రెండోదాని వెంట నడవాల్సిందే. కానీ క్యూ 1000 ఉన్న ఒంటరి అద్దాన్ని కట్టేస్తే, 24 హెర్ట్జ్ జారినప్పుడు పాత ఊపు కోసం రెండున్నర రెట్ల కంటే ఎక్కువ బలం పెట్టాలి. రెసొనెన్స్ తెచ్చుకుంది బలం ఆదా చెయ్యడానికే కదా! దానికంటే ఫ్రేమ్ బఫర్‌లో బొమ్మ దాచుకుని, అద్దం ఎప్పుడు ఎక్కడుంటే అప్పుడు అక్కడి పిక్సెల్ ఇవ్వడం చవక. అద్దం అంచుల్లో నెమ్మదిగా, మధ్యలో వేగంగా వెళ్తుంది కాబట్టి పిక్సెల్ టైమింగ్ ఎలాగూ సమానంగా ఉండదు. ఆ లెక్కలో ఇంకో మారే సంఖ్య చేరుతుందంతే. ఇది అచ్చంగా మన బ్రాంచి పని, ఈసీఈ వాళ్లది కాదు. 20,000 అని కోడ్‌లో కాన్‌స్టెంట్‌గా రాసేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

స్విచ్ వేసిన క్షణంలో ఇంకా కష్టం. అప్పటికి అద్దం ఊగట్లేదు, అనుసరించడానికి ఏమీ లేదు. అందుకే ఫ్రీక్వెన్సీని మెల్లగా జరుపుతూ వెతుకుతారు. పెద్దగా ఊగినప్పుడు కడ్డీలు గట్టిపడే రకమైతే కింద నుంచి పైకి, మెత్తబడే రకమైతే పై నుంచి కిందికి జరపాలి. తప్పు దిశలో వస్తే పెద్ద ఊపు దొరక్కుండానే దాటిపోతాం. అది దొరికి, సెన్సర్ సిగ్నల్ నిలకడగా వచ్చేదాకా లేజర్ వెలిగించకూడదు. తర్వాతైనా సిగ్నల్ ఆగితే ఆ క్షణమే ఆర్పెయ్యాలి. కదలని అద్దం మీద పడ్డ లేజర్ ఒకే చుక్కగా నిలబడుతుంది, ఆ చుక్క ఎవరి కంట్లోనైనా పడొచ్చు.